నలభై ఏడు నిమిషాల జ్ఞాపకం

మరిచిపోవడాన్ని మించిన వరం ఈ లోకంలో లేదు. కాదనేవాళ్లు ముందు మొన్న మంగళవారం ఏ కూరతో అన్నం తిన్నారో చెప్పి, ఆ తర్వాత నాతో వాదనకు రండి!

దేవుడు ఈ వరాన్ని మనుషులందరికీ పంచాడు. ఓట్లు అడిగినవాడికి కాస్త ఎక్కువగా, అత్తగారికి కాస్త తక్కువగా పంచాడేమో గానీ, ఎవర్నీ ఒట్టి చేతులతో పంపలేదు. కంప్యూటరుకు మాత్రం ఇవ్వలేదు. ఏది చెబితే అది పట్టుకుని వేలాడే పాడుబుద్ధి దానిది. ఆ లోటు తీర్చిన మహానుభావుడు అమెరికాలో పుట్టలేదు, జపానులోనూ పుట్టలేదు. మన గుంటూరు జిల్లాలో, మిరపకాయల ఘాటులో పుట్టాడు.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేను ముప్పయ్యేళ్లు ఒక ఆఫీసు రికార్డు గదిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ ముప్పయ్యేళ్లూ నా ఉద్యోగం ఒక్కటే, కాగితాలను చెదపురుగుల నుంచి కాపాడటం. కిరోసిను చల్లాను. వేపాకు పరిచాను. గమేక్సిన్ కొట్టి దగ్గాను. కాగితమంటే ప్రాణం పెట్టినవాణ్ణి. అలాంటి నాకు ఈ ఏడాదే జ్ఞానోదయమైంది. దాచడంలో ఏముందండీ? గొప్పంతా చెరపడంలో ఉంది!

ఆ జ్ఞానం నాకు చిలకలూరిపేట రోడ్డు మీద ఒక కోల్డ్ స్టోరేజిలో దొరికింది. నా తమ్ముడి పొలంలో పండిన ఆరు టిక్కీల మిరపకాయలు అక్కడ దాచుకున్నాం కాబట్టి రాకపోకలు నాకు అలవాటే. దాని పేరు రాయను. రాస్తే మీరంతా చూడటానికి ఎగబడతారు, గేటు దగ్గర తొక్కిసలాట అవుతుంది.

టిక్కీ అంటే తెలియనివాడు మన జిల్లాలో లేడు. పై జిల్లాలవాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం చెబుతున్నాను. గోనెసంచిలో ఎండుమిరపకాయలు పోసి, కాయ విరగకుండా కాసిని నీళ్లు చిలకరించి, మనిషి అందులోకి దిగి కాళ్లతో తొక్కి తొక్కి బిగిస్తాడు. అలా బిగిసిన సంచే టిక్కీ. ఏ టిక్కీ అయినా నిండిందని చెప్పడానికి వీల్లేదు. ఇంకో నాలుగు తొక్కులు తొక్కితే ఇంకో నాలుగు కిలోలు పడుతుంది. ఈ సూత్రం కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ కోల్డ్ స్టోరేజి మేనేజరు అంకమ్మరావు గారు ఈ సూత్రం మీదే పైకొచ్చిన మనిషి. కాలేజీ గడప తొక్కలేదు గానీ, తొక్కాల్సినవన్నీ తొక్కారు.

ఎనభై ఏడులో ఆ కోల్డ్ స్టోరేజికి కంప్యూటరు వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. తెరకు పసుపు రాసి బొట్టు పెట్టారు. గది బయట చెప్పులు విప్పించారు. పెద్ద మిషను ఏసీలో కూర్చుంది. దానికి తీగలతో కలిపిన తెరలు ఐదు. గేటులో ఒకటి, కాటా దగ్గర ఒకటి, ఇంజను గదిలో ఒకటి, ఆఫీసులో ఒకటి, మేనేజరు గారి బల్ల మీద ఒకటి. ఏ టిక్కీ ఏ గదిలో ఉంది, ఏ గది ఎంత చల్లగా ఉంది, అన్నీ అందులోనే.

దాన్ని నడపడానికి వచ్చిన అమ్మాయి రెబ్కా. ఇరవై మూడేళ్లది. గుంటూరులో బీయస్సీ చదివి, పై ఆరు నెలలు కంప్యూటరు కోర్సు చేసింది. వాళ్ల నాన్న యేసుపాదం అదే గేటు లోపల టిక్కీలు తొక్కే కూలీ. అంటే తండ్రి కూలీల గేటు గుండా, కూతురు ఆఫీసు గేటు గుండా లోపలికి వెళ్లేవాళ్లు. మధ్యాహ్నం అన్నం వేళ యేసుపాదం కాళ్లు కడుక్కుని వచ్చి, ఏసీ గది అద్దంలోంచి కూతుర్ని చూసేవాడు. ఘాటు అంటుతుందని అద్దాన్ని మాత్రం ముట్టుకునేవాడు కాదు. రెబ్కా లోపలి నుంచి చెయ్యి ఊపేది. ఆ ఊపు కోసం ఆయన ఎండలో అంత దూరం నడిచొచ్చేవాడు.

ఇప్పుడు అసలు విషయం. ఈ మిషనుకు ఒక అలవాటుంది. ఏం జరిగినా తనంతట తాను టైముతో సహా ఒక లైను రాసిపెట్టుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. ఏది రాయాలి, ఏది వదిలెయ్యాలి అన్నది మనం ముందే చెప్పి పెట్టుకోవాలి. రెబ్కా ఆలోచించి చెప్పింది. గది వేడెక్కితే రాయి. కరెంటు పోతే రాయి. హెచ్చరిక వస్తే రాయి, ఆ హెచ్చరికను ఎవరు చూశారో వాళ్ల పేరుతో సహా రాయి. మిగతావి వదిలెయ్యి.

రాసింది రాసినట్టే ఉంచుకుంటూ పోతే మిషను నిండిపోయి కదలకుండా కూర్చుంటుంది కదా! అందుకని హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు రొటేషన్ పెట్టించాడు. మొత్తం ఏడు ఫైళ్లు. ఒక్కోటి వంద పేజీల పాటిది. ఒకటి నిండితే రెండోది, రెండోది నిండితే మూడోది. ఏడూ నిండాయా, మొదటిదాన్ని చెరిపేసి మళ్లీ అక్కడి నుంచి మొదలు. రెబ్కా లెక్కన ఏడు ఫైళ్లూ ఒక చుట్టు తిరగడానికి రెండు నెలల పైన పట్టేది. అంటే ఆ మిషనుకు రెండు నెలల జ్ఞాపకం ఉండేదన్నమాట. మన నాయకులకంటే నయమే.

పైగా ఆ అమ్మాయి ఒక లాంగ్ నోటుబుక్కులో కూడా ముఖ్యమైనవి రాసుకునేది. అంకమ్మరావు గారు అది చూశారు. కంప్యూటరు ఉండగా ఇంకా పుస్తకమేమిటి, పక్కవాళ్లు చూస్తే పరువేం కాను? నోటుబుక్కు తీసుకెళ్లి గేటు ముందు బజ్జీలబండి ఖాజాబీకి ఇప్పించారు. ఆ వారమంతా మిరపకాయ బజ్జీలు రెబ్కా దస్తూరీలోనే వచ్చాయి. నేనూ రెండు పేజీలు తిన్నాను.

ఇక ఆ రోజు రానే వచ్చింది. మేనేజరు గారు తన తెర ముందు కూర్చుని లాగ్ చూస్తున్నారు. ఎంతసేపు చూసినా అది కదలదు.

“ఏందమ్మా ఇది? గంట నుంచీ పది లైన్లేనా? ఇంత మిషను పెట్టుకుని! మా పాత గుమస్తా బుల్లయ్యే నయం, పూటకి నాలుగు పేజీలు రాసేవాడు.”

“ముఖ్యమైనవే రాయిస్తున్నానండి,” అంది రెబ్కా.

“ఏది ముఖ్యమో దానికేం తెలుసు? అన్నీ రాయమను. గేటు తీసినా, మూసినా, ఎవరు ఏ మీట నొక్కినా, అన్నీ!”

“అన్నీ రాయిస్తే ఏడు ఫైళ్లూ గబగబా తిరిగొస్తాయి సార్. పాతవి చెరిగిపోతాయండి.”

“చెరిగిపోవటమేంది? తొక్కు! టిక్కీలో పట్టట్లా?”

రెబ్కా అక్కడ ఊరుకోవాల్సింది. ఊరుకుంటే ఈ కథే లేదు. “మా నాన్న ముప్పయ్యేళ్ల నుంచి తొక్కుతున్నాడండి. మరీ తొక్కితే అడుగు కాయ పొడైపోద్ది, గింజ రాలిపోద్ది అంటాడు సార్,” అంది.

అంకమ్మరావు గారి మొహం పండుమిరపకాయ అయింది. తొక్కుడు గురించి తనకు చెప్పడమా? అదీ ఎవరు? తొక్కేవాడి కూతురు! “నిన్ను పెట్టుకుంది కంప్యూటరుకా, తొక్కుడుకా? చెప్పింది చెయ్యి,” అన్నారు.

చేసింది. ఆ మధ్యాహ్నమే సెట్టింగు మార్చింది. ఇంజనీరు నేర్పిన పద్ధతి ప్రకారం ఆ సెట్టింగుల పైన తన పేరు, తేదీ రాసింది. మార్చినవాళ్లు పేరు పెట్టాలి. అది రూలు. మార్పించినవాళ్లు పెట్టాలన్న రూలు ఇంతవరకూ ఎక్కడా లేదు.

ఆహా! ఇక చూడండి ఆ వైభవం! మేనేజరు గారి తెర మీద లైన్లు జలపాతంలా దూకటం మొదలుపెట్టాయి. గేటు తెరిచారు. గేటు మూశారు. కాటా మీద టిక్కీ పెట్టారు. టిక్కీ దించారు. రెబ్కా ఒక మీట నొక్కింది. ఇంకో మీట నొక్కింది. కరెంటు పోయి వచ్చిందంటే పండగే. ఐదు తెరలూ పోయామని ఒకసారి, వచ్చామని ఒకసారి, పోయి వచ్చామని ఇంకోసారి రాయించుకునేవి. మన కరెంటు సంగతి మీకు తెలియనిదా?

ఆ జలపాతం చూడటానికి జనం రావడం మొదలుపెట్టారు. కనిగిరి నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాళ్లున్నారు. అమరావతిలో దేవుడి దర్శనం చేసుకుని తిరుగు ప్రయాణంలో దీన్ని కూడా దర్శించుకున్న కుటుంబాన్ని నేను కళ్లారా చూశాను. చదివినవాడు ఒక్కడూ లేడు. లైన్లు పోయే వేగానికి దణ్ణం పెట్టి వెళ్లిపోయేవాళ్లు.

రెబ్కా గడియారం పెట్టుకుని చూసింది. ఏడు ఫైళ్లూ ఒక చుట్టు తిరగడానికి పడుతున్న సమయం నలభై ఏడు నిమిషాలు. రెండు నెలల జ్ఞాపకం ముప్పావుగంటకు వచ్చింది. ఆ అమ్మాయి భయపడుతూ వెళ్లి మేనేజరు గారికి చెప్పింది.

“అంత స్పీడా!” అని ఆయన మురిసిపోయారు.

పాఠకులారా, ఇందులోని గొప్పతనం మీకు అర్థమవుతోందా? అన్నీ రాయించు, ఏదీ మిగలదు! ఈ కిటుకు తెలియక నేను ముప్పయ్యేళ్లు కిరోసిను వాసన పీల్చాను. ఏమీ రాయనివాణ్ణి బద్ధకస్తుడంటారు. రాసింది చింపినవాణ్ణి దొంగ అంటారు. అన్నీ రాయించినవాడికి మాత్రం దండ వేస్తారు. ఆ సంబరంలోనే మేనేజరు గారు ఆఫీసు గోడకు ఒక బోర్డు కూడా పెట్టించారు. ‘లాగ్‌లో ఉన్నదే జరిగినది.’ ఎర్ర రంగుతో, పెద్ద అక్షరాలతో.

ఇక ఆ సోమవారం. పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. అద్దంకి నుంచి నలుగురు వ్యాపారులు వచ్చి మేనేజరు గారి తెర ముందు నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. జలపాతం పారుతోంది. హఠాత్తుగా కీచుమని శబ్దం వచ్చి జలపాతం ఆగింది. తెర మధ్యలో ఒకే ఒక్క లైను. మూడో గది పదమూడు డిగ్రీలు. చూసినవారు మీట నొక్కవలెను.

రెబ్కా పరుగున వచ్చింది. “సార్, మూడో గది వేడెక్కుతోందండి. ఇంజను గది నుంచి జక్రయ్య గారు పదకొండు, పన్నెండు, పదమూడు అని అంకెలు పంపుతున్నారు. అమ్మోనియా గ్యాసు తగ్గిపోయిందంట. తెప్పించాలంటే మీ సంతకం కావాలంట.”

అతిథుల ముందు జలపాతం ఆగిపోతే ఎంత అప్రతిష్ఠ! అంకమ్మరావు గారు టపీమని మీట నొక్కారు. జలపాతం మళ్లీ దూకింది.

“చూశాలేమ్మా, చూశా. నేను చూశానని కూడా మిషను రాసుకుందిగా!” అని, అద్దంకి వాళ్ల వైపు తిరిగి, “చూశారా, నేను చూసినట్టు కూడా రాసుకుంటదండి ఇది,” అన్నారు.

అద్దంకి వాళ్లు చప్పట్లు కొట్టారు. నిజంగానే రాసుకుంది. మూడో గది పదమూడు డిగ్రీలు, చూసినవారు మేనేజరు, టైము పదకొండు ఇరవై. చక్కగా, పేరుతో సహా. పన్నెండు దాటి ఏడు నిమిషాలకు చెరిపేసుకుంది.

ఒకసారి చూశానన్నాక మిషను అదే హెచ్చరిక మళ్లీ చెయ్యదు. పెద్దమనిషి మాటను నమ్మే మిషను అది. మంగళవారం రెబ్కా మళ్లీ వెళ్లింది. “నిన్న చూశానని చెప్పాగా!” అన్నారు. బుధవారం ఇంజను గది జక్రయ్యే స్వయంగా వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపల కనిగిరి వాళ్లున్నారు, తర్వాత రమ్మన్నారు. గురువారం మూడో గది తలుపు సందులోంచి ముక్కిపోయిన వాసన వచ్చాక గానీ సంతకం పడలేదు. శుక్రవారానికి గది మళ్లీ ఆరు డిగ్రీలకు దిగింది.

శనివారం సుబ్బరావమ్మ గారు వచ్చింది. ఆవిడది పెదనందిపాడు వైపు. భర్త పోయాక పత్తి, మిరప తనే చూసుకుంటోంది. మూడో గదిలో ఆవిడవి నూట ఎనభై టిక్కీలున్నాయి. మొదటి టిక్కీ విప్పితే ఎర్రటి కాయ మీద తెల్లటి బూజు. రెండోది విప్పితే నల్లటి బూజు. మూడోది విప్పలేదు. సంచి పట్టుకుని అక్కడే కూలబడింది.

తప్పెవరిదో తేల్చడానికి సోమవారం పొద్దున పది గంటలకు కోల్డ్ స్టోరేజి కమిటీ అధ్యక్షుల వారి, సభ్యుల సమక్షంలో విచారణ అన్నారు.

ఆదివారం రెబ్కా గుడికి వెళ్లలేదు. యేసుపాదం గుడి నుంచి నేరుగా కోల్డ్ స్టోరేజికి వచ్చి అద్దం దగ్గర నిలబడ్డాడు. లోపల కూతురు ఏడు ఫైళ్లూ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి వెతుకుతోంది. లేదని ఆమెకు తెలుసు. నలభై ఏడు నిమిషాలని లెక్క కట్టింది తనే కదా! అయినా వెతుకుతోంది. మిషను అన్ని వేల లైన్లు రాసింది కదా, ఆ ఒక్కటి ఎక్కడో ఏ మూలో ఇరుక్కుని ఉండకపోతుందా అని. ఆ రోజు ఆమె చెయ్యి ఊపలేదు.

సోమవారం విచారణకు నేనూ వెళ్లాను. ఆరు టిక్కీల ఆసామిని కదా, బల్ల చివర కూర్చోనిచ్చారు. మేనేజరు గారు లాగ్ మొత్తం ప్రింటు తీయించారు. ఏడు వందల పేజీలు! ఇద్దరు మోసుకొచ్చారు. ఎంత బరువైన సాక్ష్యం!

అధ్యక్షుల వారు కళ్లజోడు పెట్టుకుని చదవసాగారు. గేటు తెరిచారు. గేటు మూశారు. మూడో గది ఆరు డిగ్రీలు, బాగుంది. మేనేజరు తన పేరు కొట్టారు, తప్పు. మేనేజరు తన పేరు కొట్టారు, తప్పు. మేనేజరు తన పేరు కొట్టారు, తప్పు. పదమూడోసారికి ఒప్పయింది. గేటు తెరిచారు. మూడో గది ఆరు డిగ్రీలు, బాగుంది. అంతా ఆ పొద్దున జరిగిందే. సభ్యులు తమ స్కూటర్లు లోపలికి వచ్చిన టైము కూడా అందులో చూసుకుని ముచ్చటపడ్డారు.

“మూడో గది బాగున్నట్టే రాసుందిగదయ్యా,” అన్నారు అధ్యక్షుల వారు.

సుబ్బరావమ్మ గారు కొంగులోంచి గుప్పెడు కాయలు తీసి బల్ల మీద పోసింది. “బాగుంటే ఇదేందయ్యా?”

బూజు లేచింది. ఘాటు లేచింది. అధ్యక్షుల వారు తుమ్మారు, సభ్యులు తుమ్మారు, నేనూ తుమ్మాను. అయితే ఆ తుమ్ముల్లో ఒక్కటీ లాగ్‌లోకి ఎక్కలేదు కాబట్టి, బోర్డు ప్రకారం ఎవరూ తుమ్మలేదు.

“హెచ్చరిక వచ్చుంటే లాగ్‌లో ఉండాలి. లేదు. అంటే ఆపరేటరు నాకు చెప్పలేదు,” అన్నారు అంకమ్మరావు గారు. ఆయన అబద్ధమాడుతున్నారని నేననను. ఆయనకు నిజంగానే గుర్తులేదేమో! వరమని మొదట్లోనే మనవి చేశాను కదా.

రెబ్కా లేచి నిలబడింది. “వచ్చింది సార్. పోయిన సోమవారం పదకొండూ ఇరవైకి వచ్చింది. నేను చెప్పాను. మీరు మీట నొక్కారు. అద్దంకి వాళ్లు చప్పట్లు కొట్టారు.”

“ఉంటే చూపించు.”

“చెరిగిపోయిందండి.”

“చెరిగిపోయేటట్టు సెట్టింగు చేసింది ఎవరు?”

అబద్ధం చెప్పడం ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. “నేనే సార్. మీరు అన్నీ...”

“విన్నారుగా!” అన్నారు మేనేజరు గారు. వెంటనే సెట్టింగుల కాగితం తెప్పించారు. పైన పేరు ఉంది, తేదీ ఉంది. అంత పెద్ద మిషనులో చెరగకుండా మిగిలిన పేరు అదొక్కటే.

తలుపు దగ్గర నిలబడ్డ జక్రయ్య ముందుకొచ్చాడు. “అయ్యా, ఆ పిల్ల చెప్పటం నాకు తెలుసండి. నేనే పంపించా. అంకెలు నేనే కొట్టా. బుధవారం నేనూ వచ్చి నిలబడ్డా.”

“లాగ్‌లో ఉందా?”

“నా నోట్లో ఉందండి.”

అధ్యక్షుల వారు బోర్డు చూపించారు. నోటి మాటల కాలం పోయిందయ్యా, కంప్యూటరు యుగం వచ్చింది, అని మెత్తగానే చెప్పారు. జక్రయ్య ఆ బోర్డు చదివి, తలపాగా తీసి దులుపుకుని, బయటికి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. క్షమించాలి, ఒళ్లు పులకరించిందని రాయబోయాను.

రెబ్కాకు మెమో ఇచ్చారు. హెచ్చరికను పై అధికారికి అందించకపోవడం, సాక్ష్యం చెరిగిపోయేలా చేయడం, వెరసి నిర్లక్ష్యం. ఉద్యోగం నుంచి తీసేశారు. ఆ మధ్యాహ్నం అన్నం వేళ యేసుపాదం కాళ్లు కడుక్కుని వచ్చేసరికి అద్దం లోపల కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపు దాన్నే చూసి, తిరిగి వెళ్లి సంచిలోకి దిగాడు. ఆ రోజు ఆయన తొక్కిన టిక్కీల్లో కాయలన్నీ పొడైపోయాయని మేస్త్రీ కేకలేశాడట.

మరి శుభవార్తలు చెప్పొద్దూ? అంకమ్మరావు గారికి సన్మానం జరిగింది. ఇంకో రెండు కోల్డ్ స్టోరేజీలవాళ్లు వచ్చి జలపాతం చూసి, తమకూ అలాంటిదే కావాలన్నారు. ఈ స్పీడు చాలదని, మీట నొక్కినప్పుడు రాయడమే కాదు, మీట వదిలినప్పుడు కూడా రాయించాలని ఆయన కొత్తగా ఆలోచిస్తున్నారట. అదే జరిగితే నలభై ఏడు నిమిషాలు పాతికకు దిగుతాయి. మీరే చెప్పండి, ఇంత నిర్మలమైన మనస్సు ఏ రుషికైనా ఉందా?

రెబ్కా ఒంగోలులో ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూ బాగా చేసింది. వాళ్లు పాత యజమానికి ఒక ఉత్తరం రాశారు. అమ్మోనియాకు నాలుగు రోజులు పట్టిన సంతకం దీనికి నాలుగు గంటలు పట్టలేదు. మెమో నకలు మొదటి టపాలోనే వెళ్లింది. గుంటూరులో ఇంకోచోటా అంతే, తెనాలిలోనూ అంతే.

ఇప్పుడు ఆ అమ్మాయి సుబ్బరావమ్మ గారి చేలో మిరపకాయలు కోస్తోంది. మొన్న ఆ గట్టు మీద నుంచి వెళుతూ పలకరించాను. సుబ్బరావమ్మ గారు కూడా అక్కడే ఉంది.

“ఈ పిల్ల చెప్పిందని నాకు తెలుసయ్యా. చెప్పకుండా ఉండే పిల్ల కాదు. మొన్న చేలో పాము కనిపిస్తే ఊరంతా వినిపించేటట్టు అరిచింది,” అందావిడ.

రెబ్కా నవ్వింది. కోసిన కాయలు ఒళ్లో పోసుకుంటూ, “టైము కూడా గుర్తుందండి, పదకొండూ ఇరవై. ఆయన మీట నొక్కిన వేలు కూడా గుర్తుంది,” అంది.

అది విన్నాక నేను మేనేజరు గారి దగ్గరికి వెళ్లాను. ఒక చిన్న మనవి చేసుకున్నాను. అయ్యా, తమరి రొటేషన్ ఇంత గొప్పది కదా, మూడో గదిని మరిచింది, బూజును మరిచింది, తమరి వేలిని మరిచింది. ఆ మెమో కాగితాన్ని కూడా ఆ ఏడు ఫైళ్ల వరసలో పెట్టించండి. ఒక్క చుట్టు తిరగనివ్వండి. నలభై ఏడు నిమిషాలు చాలు.

ఆయన జాలిగా చూశారు. “అది కంప్యూటరు వ్యవహారం కాదండి. ఉద్యోగుల ఫైలు. బీరువాలో ఉంటది. దాన్ని మేం ఎప్పుడూ చెరపం,” అన్నారు.

అందుకే, ముప్పయ్యేళ్లు చెదపురుగుల మీద యుద్ధం చేసిన నేను, ఈ మధ్య అటు వెళ్లినప్పుడల్లా ఆ ఆఫీసు గది గోడల వెంట, గుమ్మాల కింద వాటి కోసం వెతుకుతున్నాను. కనిపిస్తే దారి చూపిద్దామని. ఒకచోట కాస్త పుట్టమన్ను కనిపిస్తే సంబరంగా జక్రయ్యను పిలిచి చూపించాను. లాభం లేదన్నాడు. ఆ బీరువా ఇనపదట.